దేశం దాటాలంటే డబ్బు చూపించాలన్నారు

ఈ సంగతి రాయాలా వద్దా అని ఏడాదికి పైగా ఊగిసలాడాను. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. పోయిన నెల స్టాఫ్ రూమ్‌లో నాతో పనిచేసే టీచర్ ఒకావిడ తన తమ్ముడి గురించి చెబుతూ, "వీడికి పరిచయమైన అమ్మాయి ఎయిర్‌పోర్టులో ఇరుక్కుపోయిందట అక్కా. బీటీఏ అని ఏదో డబ్బు చూపిస్తే గానీ దేశం దాటనివ్వరట. వీడు అమ్మ గాజులు తాకట్టు పెట్టడానికి తిరుగుతున్నాడు" అంది. బీటీఏ, అంటే బేసిక్ ట్రావెల్ అలవెన్స్, అన్న మాట వినగానే దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, ఆ అబ్బాయి పక్కన కూర్చుని ఆ పేరుతో నాకు జరిగిన మోసమంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. గాజులు తాకట్టు పెట్టలేదు. ఇక దీన్ని దాచుకుని ఎవరికి లాభం అనిపించింది.

నేను లెక్కల టీచర్ని. మావారు పోయి ఆరేళ్లు దాటింది. మా అబ్బాయి ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటాడు. 2024లో మా చెల్లి బలవంతం మీద రెండో పెళ్లి సంబంధాల సైట్‌లో ప్రొఫైల్ పెట్టాను. అక్కడ పరిచయమైన మనిషి తను ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగానని, తల్లి తెలుగావిడని, తండ్రి ఇంగ్లీషాయన అని చెప్పాడు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేనన్నాడు. ఘానా దేశంలో ఒక ఓడరేవు కాంట్రాక్టు మీద ఇంజనీరుగా ఉన్నానని, పని అయిపోగానే ఇండియా వచ్చి నన్ను, మావాళ్లని కలుస్తానని అన్నాడు. అతను చెప్పుకున్న పేరు ఎలాగూ అసలుది కాదు, ఇక్కడ రాయను.

నాలుగు నెలలు మాట్లాడుకున్నాం. రోజూ పొద్దున్నే మెసేజ్, రాత్రి పడుకునే ముందు ఫోన్. ఆ నాలుగు నెలల్లో ఒక్క రూపాయి అడగలేదు. ఇది ముఖ్యం. డబ్బడిగితే మోసం అని నాకూ తెలుసు, అందుకే అడగని మనిషిని నమ్మాను. మావారి సంవత్సరీకం రోజు నేను ఫోన్ ఎత్తకపోతే, మర్నాడు "నిన్న నీకు కష్టమైన రోజు, అందుకే మళ్లీ చేయలేదు" అన్నాడు. ఆ తేదీ ఎప్పుడో మాటల్లో చెప్పాను, గుర్తు పెట్టుకున్నాడు. వాళ్లు అన్నీ రాసి పెట్టుకుంటారని సైబర్ పోలీసులు చెప్పాక తెలిసింది.

మొదటి డబ్బు 38 వేలు. కాంట్రాక్టు ఆలస్యమై వీసా గడువు దాటిపోయిందని, ఓవర్‌స్టే పెనాల్టీ కడితే గానీ వదలరని, తన బ్యాంకు కార్డు బ్లాక్ అయిందని అన్నాడు. చాలా దేశాల్లో వీసా గడువు దాటితే జరిమానా ఉంటుంది, అది నిజమే. అబద్ధంలో ఇంత నిజం కలిసింది కాబట్టే నాకు అనుమానం రాలేదు. టికెట్లు చూసే ట్రావెల్ ఏజెంట్ ఇండియాలోనే ఉన్నాడని చెప్పి ఒక మామూలు సేవింగ్స్ అకౌంట్ నంబరు ఇచ్చాడు. ఫోన్‌లోంచే పంపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పదకొండు రోజుల తర్వాత, శుక్రవారం సాయంత్రం, ఆ ఉత్తరం వచ్చింది.

పీడీఎఫ్‌గా పంపాడు. పైన ఘానా దేశపు రాజముద్ర, కింద నీలం రంగు సీలు, సంతకం. "బేసిక్ ట్రావెల్ అలవెన్స్ క్లియరెన్స్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. దేశం విడిచి వెళ్లే విదేశీయుడు తన ఖర్చులకి సరిపడా 2,800 డాలర్లు చేతిలో ఉన్నట్టు ఎయిర్‌పోర్టులో చూపించాలి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు, 72 గంటల్లో చూపించకపోతే నిర్బంధంలోకి తీసుకుంటారు అని దాని సారాంశం. అప్పటి రేటులో 2 లక్షల 40 వేలకి దగ్గర. అతను ఫోన్‌లో ఏడ్చాడు. "ఇది ఖర్చు కాదు, చూపించి జేబులో పెట్టుకోవడమే. ఆదివారం రాత్రి విమానం ఎక్కి, సోమవారం అక్కడ దిగగానే అదే డబ్బు నీ చేతిలో పెడతాను" అన్నాడు.

ఆ మాటే నన్ను పడేసింది. ఖర్చయ్యే డబ్బంటే ఆలోచించేదాన్ని. చూపించి తిరిగిచ్చే డబ్బు కదా అనుకున్నాను. పైగా మనకి ఇది కొత్త మాట కాదు. గల్ఫ్‌కి విజిట్ వీసా మీద వెళ్లే వాళ్లు షో మనీ అనడం వినే ఉన్నాం. వీసా ఫైల్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టడం అందరికీ తెలిసిందే. ప్రయాణం అంటే ఎక్కడో ఒకచోట డబ్బు చూపించాలి అన్నది మన మనసులో ముందే ఉంది. ఎవరు అడుగుతారు, ఎక్కడ అడుగుతారు అన్నది మాత్రం నేను ఆలోచించలేదు.

ఈసారి ఇండియా అకౌంట్ ఇవ్వలేదు. ఏజెంట్ అకౌంట్‌కి లిమిట్ అయిపోయిందని, ఘానా రాజధాని అక్రాలో ఉన్న తన లాయర్ అకౌంట్‌కి నేరుగా పంపమన్నాడు. అది నా అదృష్టం. మళ్లీ ఇక్కడి అకౌంటే ఇచ్చి ఉంటే ఆ రాత్రే ఫోన్‌లోంచి పంపేసి ఉండేదాన్ని. విదేశానికి పంపాలంటే బ్యాంకుకి వెళ్లాలి.

శనివారం పొద్దున్నే, బ్యాంకు తలుపు తీయగానే వెళ్లాను. విదేశీ మారకం చూసే డెస్క్‌లో ఒకమ్మాయి ఉంది. మహా అయితే ముప్పై అయిదేళ్లుంటాయి. పాన్ కార్డు అడిగింది, విదేశానికి డబ్బు పంపడానికి నింపాల్సిన ఏ2 ఫారం ఇచ్చింది. భారతీయులు విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ ఒకటుంది. 2004లో 25 వేల డాలర్లతో మొదలుపెట్టారు, ఇప్పుడు మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. స్నేహితుడికి బహుమతిగా పంపడం కూడా అందులో తప్పు కాదు. అంటే చట్టం నన్ను ఆపదు.

ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నారో రాసే చోటికి వచ్చాక పెన్ను కదల్లేదు. బహుమతి అని రాయాలా? అప్పు అని రాయాలా? తిరిగొచ్చే డబ్బు కదా. ఆ అమ్మాయిని అడిగాను. "చూపించడానికి పంపుతున్నానండీ, దీన్ని ఏమని రాయాలి?"

"చూపించడానికా మేడమ్? ఎవరికి?"

చెప్పాను. ఉత్తరం ఫోన్‌లో చూపించాను. ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు, గొంతు పెంచలేదు. వెనక వాళ్లకి వినబడకుండా కుర్చీ ముందుకి జరుపుకుని నెమ్మదిగా అంది. "మేడమ్, డబ్బు మీది, పంపమంటే పంపుతాను. కానీ ఒక్క మాట ఆలోచించండి. మన దేశం నుంచి వెళ్లే వాళ్లకి ఈ డెస్క్ మీద రోజూ డాలర్లు ఇస్తాను. ఇంతకు మించి తీసుకెళ్లకూడదు అనే రూలే నాకు తెలుసు. ఇంత ఉంటేనే బయటికి పోనిస్తాం అనే రూలు నేను చూడలేదు. వెళ్లిపోయే మనిషి దగ్గర డాలర్లు ఉండి తీరాలని ఏ దేశమైనా ఎందుకు అడుగుతుంది? డాలర్లు తమ దగ్గరే ఉండాలనే కదా ఎవరైనా చూస్తారు."

ఒక్క క్షణం నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. లెక్కల టీచర్ని, గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా పిల్లలకి చెప్పే మనిషిని. అప్పుడే మా పెదనాన్న గుర్తొచ్చాడు. 1960ల చివర్లో పై చదువుకి అమెరికా వెళ్లినప్పుడు ప్రభుత్వం ఎనిమిది డాలర్లు మాత్రమే పట్టుకెళ్లనిచ్చిందని, దిగాక కాఫీ తాగడానికి కూడా భయపడ్డానని మాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. విదేశీ మారకం లేని రోజులు కాబట్టి డాలరు దేశం దాటకుండా కాపలా కాసేవారు. ట్రావెల్ అలవెన్స్ అంటే అదీ. బయటికి వెళ్లే మనిషికి ప్రభుత్వం అనుమతించే మొత్తం. అతను చూపించాల్సిన మొత్తం కాదు.

ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని, పంపనని చెప్పి వచ్చేశాను. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, "సోమవారం దాకా ఆగండి మేడమ్, నిజమైన అవసరమైతే సోమవారం కూడా ఉంటుంది" అంది. ఆ మాట ఎప్పటికీ మర్చిపోను.

ఇంటికొచ్చి ఆ ఉత్తరం ప్రింట్ తీయించాను. ఫోన్‌లో చిన్నగా కనబడేది కాగితం మీద వేరేగా కనిపించింది. పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పైన "మినిస్ట్రీ ఆఫ్ ఇమిగ్రేషన్" అని ఉంది. ఘానాలో అలాంటి మంత్రిత్వ శాఖ లేదు. అక్కడ ఉండేది ఘానా ఇమిగ్రేషన్ సర్వీస్, అది అంతర్గత వ్యవహారాల శాఖ కింద పనిచేస్తుంది. ఒకటో ఎర్ర గీత. మధ్యలో "ఈ ఉత్తరం కాపీ అక్రాలోని బ్రిటిష్ ఎంబసీకి పంపబడింది" అని ఉంది. ఘానా 1957లో స్వాతంత్య్రం వచ్చినప్పటి నుంచి కామన్వెల్త్ దేశం. కామన్వెల్త్ దేశాలు ఒకదానిలో ఒకటి పెట్టుకునే కార్యాలయాన్ని హై కమిషన్ అంటారు, ఎంబసీ అనరు. అక్రాలో ఉన్నది బ్రిటిష్ హై కమిషన్. రెండో గీత. ప్రభుత్వ ఉత్తరం కింద జీమెయిల్ అడ్రస్ ఉంది. మూడో గీత. సీలు చుట్టూ ఉన్న అక్షరాల అంచులు మసకగా ఉన్నాయి, దాని మీద ఉన్న సంతకం మాత్రం గీసినట్టు పదునుగా ఉంది. రెండూ ఒకే కాగితం మీద పడ్డవి కావు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదువుతూ కూర్చున్నాను. బీటీఏ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. నైజీరియాలో నిజంగానే ఆ పేరుతో ఒకటుంది. సొంత పని మీద వెళ్లేవాళ్లకి పర్సనల్ ట్రావెల్ అలవెన్స్, వ్యాపారం మీద వెళ్లేవాళ్లకి బిజినెస్ ట్రావెల్ అలవెన్స్, అంటే బీటీఏ. మొదటిది మూడు నెలలకి 4,000 డాలర్ల దాకా, రెండోది 5,000 డాలర్ల దాకా. ఆ దేశపు పౌరులు తమ బ్యాంకులో అధికారిక రేటుకి కొనుక్కునే వీలు అది. 2024 ఫిబ్రవరిలో అక్కడి సెంట్రల్ బ్యాంకు దాన్ని నోట్ల రూపంలో ఇవ్వడం కూడా ఆపించి, కార్డుల్లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతుల్లోనే ఇవ్వాలంది. అంటే అది ప్రయాణికుడికి దొరికే సదుపాయం. మోసగాళ్లు ఆ పేరు తీసుకుని, దాని అర్థం తలకిందులు చేసి, పక్క దేశాలకి కూడా అంటించేశారు. ఘానా సంగతి చూస్తే, అక్కడి నుంచి బయటికి వెళ్లే మనిషి 10 వేల డాలర్ల దాకా పట్టుకెళ్లవచ్చు. అదీ పై హద్దే.

బ్రిటన్ చరిత్ర కూడా అలాగే ఉంది. అతను తనది బ్రిటిష్ పాస్‌పోర్టు అన్నాడు కదా, అందుకని అదీ చూశాను. 1966లో పౌండు కష్టాల్లో ఉన్నప్పుడు హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం విహారానికి వెళ్లే వాళ్లు విదేశీ ఖర్చులకి 50 పౌండ్లకి మించి తీసుకెళ్లకూడదని నియమం పెట్టింది. మారకపు ఆంక్షలన్నీ ఎత్తేసింది 1979లో. యూరోపియన్ యూనియన్‌లోకి గానీ బయటికి గానీ 10 వేల యూరోలు, ఆపైన నోట్లు పట్టుకెళితే కస్టమ్స్‌లో చెప్పాలి. అమెరికాలో 10 వేల డాలర్లు దాటితే చెప్పాలి. ఎక్కడ చూసినా డబ్బు ఎక్కువైతే వచ్చే బాధే. నల్లధనం, ఉగ్రవాదానికి వెళ్లే డబ్బు ఆపడానికి పెట్టినవి అవి.

డబ్బు తక్కువైతే అడిగేది చేరుకునే దేశం. వచ్చే మనిషి తమ దగ్గర తిండికి, బసకి ఇబ్బంది పడతాడేమో, దొంగచాటుగా పనికి కుదురుతాడేమో అని వాళ్ల అనుమానం. దుబాయ్‌కి విజిట్ వీసా మీద వెళ్లే వాళ్లు 3,000 దిర్హాములు, రిటర్న్ టికెట్, ఉండే చోటుకి రుజువు చూపించాలని 2024లో గట్టిగా అమలు చేశారు. మనం విన్న షో మనీ అదే. బయలుదేరే చోట విమాన కంపెనీ ముందే అడగడానికి కారణం, అక్కడ వెనక్కి పంపేస్తే ఆ మనిషిని తిరిగి తెచ్చే భారం తన మీద పడుతుందని.

ఒక్కచోట మాత్రం నేను తడబడ్డాను. ఫిలిప్పీన్స్‌లో తమ దేశస్థులు బయటికి వెళుతుంటే ఇమిగ్రేషన్ అధికారులు ఎందుకు వెళుతున్నావు, ఖర్చు ఎవరిది అని అడుగుతారు, అనుమానం వస్తే విమానం ఎక్కనివ్వరు. మనుషుల అక్రమ రవాణా ఆపడానికి ఆ తనిఖీ. ఆదాయం రుజువులు కూడా అడగాలని 2023లో కొత్త నిబంధనలు తెస్తే అక్కడి సెనేటర్లు గొడవ చేశారు, వాటిని నిలిపేశారు. కాబట్టి వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు అనలేం. అయితే అక్కడా ఇంత మొత్తం అని రాసి, 72 గంటలు గడువు పెట్టి, ఇంకో దేశంలో ఉన్న మనిషి చేత లాయర్ అకౌంట్‌కి వేయించమని అడగరు.

ఇంకో విషయం ఆ రాత్రే తట్టింది. ఉత్తరం శుక్రవారం సాయంత్రం వచ్చింది, గడువు 72 గంటలు. శని, ఆదివారాలు హై కమిషన్ మామూలు పనివేళలు ఉండవు. మా అబ్బాయి ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉంటాడని అతనికి నేనే చెప్పాను. నేను ఎవరినీ అడగలేని రెండు రోజులు చూసి పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున్న ముందు మా అబ్బాయికి ఫోన్ చేశాను. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. పెళ్లి సంబంధం సంగతి వాడికి తెలుసు గానీ, డబ్బు సంగతి తెలియదు. మొత్తం విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. "డబ్బు సంగతి తర్వాత చూద్దాం. చాట్ ఏదీ డిలీట్ చేయకు, అతన్ని బ్లాక్ చేయకు, నేను సాయంత్రానికి వస్తున్నా" అన్నాడు. అవమానంతో మొత్తం తుడిచేద్దామని నా వేలు అప్పటికే ఆ బటన్ దగ్గర ఉంది. తుడిచేసి ఉంటే ఫిర్యాదుకి ఆధారం ఉండేది కాదు.

వాడు వచ్చాక, వాడి ఎదురుగానే అతనికి ఒక మెసేజ్ పెట్టాను. డబ్బు సిద్ధంగా ఉంది, అక్రాలోని బ్రిటిష్ హై కమిషన్‌కి రాసి వాళ్ల ద్వారా అందేలా చేస్తాను, నీ పాస్‌పోర్టు నంబరు ఇవ్వు అని. నిజంగా ఇరుక్కున్న మనిషికి అంతకన్నా సంతోషం ఏముంటుంది? సొంత దేశపు కార్యాలయం తలుపు తట్టడమే కదా ఎవరైనా ముందు చేసే పని. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. నాలుగు నెలలు విన్న మెత్తటి గొంతు కాదు. నన్ను నమ్మవా, నా చావు చూడాలనుకుంటున్నావా అని అరిచాడు. నేను మాట్లాడలేదు. తర్వాత ఏడుపు. ఓ గంటకి ఇంకో నంబర్ నుంచి "ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ ఆఫీసర్" ఫోన్, మీ స్నేహితుణ్ణి సెల్‌లో పెడుతున్నాం, సగం కట్టినా చాలు అని. ప్రభుత్వ నియమానికి బేరం ఉండదు. అది కూడా కుదరక, మన చాట్లు మీ అబ్బాయికి పంపిస్తాను అని బెదిరింపు. మా అబ్బాయి నా పక్కనే కూర్చుని ఆ మెసేజ్ చదివాడు.

అప్పుడు 1930కి ఫోన్ చేశాం. డబ్బు మోసాలకి దేశం మొత్తానికీ ఉన్న నంబరు అది. ముందు అడిగేది ఏ బ్యాంకు నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎంత, ట్రాన్సాక్షన్ నంబరు ఏమిటి అనే. కథంతా చెప్పబోతే ఆపి "ముందు నంబరు చెప్పండమ్మా" అన్నారు. నాకు కటువుగా అనిపించింది గానీ, డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి పారిపోయే లోపు ఆపాలంటే ఆ నంబరే కావాలి. రసీదు నంబరు మెసేజ్‌లో వచ్చింది. దానితో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు రాసి, స్క్రీన్‌షాట్లు, ఆ పీడీఎఫ్ జత చేశాం. మోసపు ఫోన్ నంబర్లని టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలోని చక్షు విభాగంలో కూడా పెట్టాం. మా బ్యాంకుకి విడిగా రాతపూర్వకంగా ఇచ్చాను.

నేను పంపి అప్పటికి పదమూడు రోజులైంది. 38 వేలు ఆ సేవింగ్స్ అకౌంట్‌లో పడిన గంటలోపే మూడు ముక్కలై మూడు చోట్లకి వెళ్లిపోయాయి. ఒక చోట 6,400 మిగిలి ఉంటే దాన్ని ఆపగలిగారు. అది కోర్టు ఉత్తర్వుతో కొన్ని నెలలకి నా అకౌంట్‌లోకి వచ్చింది. మిగిలింది పోయినట్టే. మొదటి రోజే ఫోన్ చేసి ఉంటే ఎక్కువ దొరికేదని ఆ కానిస్టేబుల్ చెప్పినప్పుడు, ఆ పదమూడు రోజులు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ఆ సేవింగ్స్ అకౌంట్ ఎవరో డిగ్రీ కుర్రాడిదట. నెలకి కొంత ఇస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించేశాడు. వాడి మీద నాకు కోపం ఉంది, జాలి కూడా ఉంది. నా స్టూడెంట్లలో ఇప్పుడు ఎవరైనా అకౌంట్ అద్దెకిస్తే డబ్బొస్తుందట టీచర్ అంటే, ఆ రోజు లెక్కల క్లాసు ఆపి దీని గురించే చెబుతాను.

ఫిర్యాదు చేసిన నెల తర్వాత ఇంకొకరు మెసేజ్ చేశారు. మీ కేసు మా దగ్గర ఉంది, 4,500 ఫీజు కడితే పోయిన డబ్బంతా తెప్పిస్తాం అని. నా పేరు, మొత్తం, తేదీ అన్నీ సరిగ్గా చెప్పారు. డబ్బు పోయిన మనిషికి అది తిరిగొస్తుందన్న ఆశ ఎంత బలంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఫోన్ పట్టుకుని అరగంట కూర్చున్నాను. కట్టలేదు. పోలీసులు గానీ కోర్టు గానీ డబ్బు తిరిగివ్వడానికి ఫీజు ముందు వేయమని మెసేజ్ పెట్టరు. నా వివరాలు వాళ్ల దగ్గర ఉన్నాయంటే, మొదట తీసుకున్నది కూడా వాళ్లే అయ్యుండాలి.

మరుసటి వేసవి సెలవుల్లో మా అబ్బాయి నన్ను సింగపూర్ తీసుకెళ్లాడు. నేను పుట్టాక దేశం దాటడం అదే మొదటిసారి. టికెట్లు తీసిన రోజు నుంచీ నాకు ఒకటే టెన్షన్, ఎవరైనా ఏదైనా చూపించమంటారేమో అని. అందుకే ప్రతి నియమం నేనే చదువుకున్నాను. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకానే కొనుక్కోవచ్చు, మిగతాది కార్డులో వేయించుకోవాలి. కొన్ని దేశాలకి ఈ హద్దు వేరు, నేపాల్, భూటాన్‌లకైతే విదేశీ మారకమే ఇవ్వరు. కొనేటప్పుడు 50 వేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, అకౌంట్ నుంచే కట్టాలి. మన రూపాయలు మనిషికి 25 వేలకి మించి బయటికి పట్టుకెళ్లకూడదు. తిరిగొచ్చాక మిగిలిన డాలర్లలో 2,000 దాకా ఉంచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజుల్లో తిరిగి అమ్మేయాలి. చూశారా, ఇవన్నీ కూడా పై హద్దులే.

డబ్బు మార్చడానికి అదే బ్యాంకుకి, అదే డెస్క్‌కి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఏమీ అడగలేదు. ఏ2 ఫారం ఇచ్చింది. ఈసారి కారణం రాసే చోట పెన్ను ఆగలేదు. బయట తెలిసినాయన ఒకరు బిల్లు లేకుండా ఇంకాస్త మంచి రేటుకి సింగపూర్ డాలర్లు ఇప్పిస్తానన్నాడు. వద్దన్నాను. అలా కొనడం చట్టానికి విరుద్ధం, దొంగ నోట్లు వస్తే అడగడానికి మనిషి ఉండడు, విమానాశ్రయంలో ఎవరైనా ఈ నోట్లు ఎక్కడివి అంటే చూపించడానికి కాగితం ఉండదు. సింగపూర్‌కి దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాల్సిన అరైవల్ కార్డు ఒకటుంది. అది పూర్తిగా ఉచితం. మా అబ్బాయి వెతికినప్పుడు మొదట వచ్చిన సైటు దానికే ఫీజు అడిగింది, చూడటానికి అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంది. మూసేసి అసలు సైటు అడ్రస్ చూసి నింపాం.

విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ లైన్‌లో నిలబడినప్పుడు చేతులు చల్లబడ్డాయి. నా బ్యాగులో ఫారెక్స్ బిల్లు, హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్, మూడేసి కాపీలు. నా వంతు వచ్చింది. ఆఫీసర్ పాస్‌పోర్టు తిప్పి చూసి, ఎక్కడికి వెళుతున్నారమ్మా అన్నాడు. సింగపూర్ అన్నాను. ఎన్ని రోజులు? ఆరు. ఎవరితో? వెనక నిలబడిన మా అబ్బాయిని చూపించాను. ముద్ర కొట్టి పాస్‌పోర్టు నా వైపు జరిపాడు. నేను బిల్లు తీద్దామని బ్యాగు జిప్ లాగుతుంటే, "అవసరం లేదమ్మా, వెళ్లండి" అన్నాడు.